మాత్ర ఎప్పుడు ఆపాలి?

2007 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక ఔషధ పరీక్షను అర్ధంతరంగా నిలిపేశారు. మందు వికటిస్తే పరీక్షలు ఆగిపోవడం మామూలే. ఇది మాత్రం మందు బాగా పనిచేయడం వల్ల ఆగింది. జీర్ణాశయంలోనో చిన్నపేగులోనో పుట్టే 'జిస్ట్' అనే అరుదైన కణితిని శస్త్రచికిత్సతో పూర్తిగా తీసేసిన 713 మందిని ఆ పరీక్షలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఏడాదిపాటు రోజూ 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్, రెండో జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఏడాది తిరిగేసరికి మందు వాడినవారిలో 98 శాతం మందికి కణితి తిరగబెట్టలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 83 శాతమే. ఇంత తేడా కళ్ల ముందు కనిపిస్తుంటే సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇస్తూ కూర్చోవడం తగదని కొత్తవారిని చేర్చుకోవడం మానేశారు. మరుసటి ఏడాది చివరికల్లా ఆపరేషన్ తర్వాత ఈ మందు వాడేందుకు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. అసలు ప్రశ్న అక్కడే మొదలైంది. మాత్ర వేసుకుంటున్నన్నాళ్లూ కణితి అణిగి ఉంటోంది, సరే. మానేశాక? అదే పరీక్షలో పాల్గొన్నవారిని ఏళ్ల తరబడి గమనించి 2014లో ప్రకటించిన లెక్కల్లో ప్రాణాలు నిలిచిన తీరులో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి కణితి తిరగబెడితే వెంటనే అసలు మందు అందించడం ఇందుకు ఒక కారణం. మందు కణితిని నిర్మూలించిందా, నిద్రపుచ్చిందా అన్న అనుమానం మాత్రం వైద్య లోకాన్ని అప్పటినుంచి వదల్లేదు. చేనులో కలుపు పీకిన రైతుకు ఈ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. పైకి కనిపించింది పోయినంత మాత్రాన నేలలో ఉన్నది పోయినట్టు కాదని అతనికి తెలుసు.

ఈ కణితి చరిత్ర చిన్నదే. కణాన్ని ఎదగమని తొందరపెట్టే 'కిట్' అనే జన్యువులో లోపం దీనికి మూలమని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆన్ చేసి అలాగే వదిలేసిన స్విచ్‌లా ఆ జన్యువు పనిచేస్తూనే ఉంటుంది. రక్త క్యాన్సర్ కోసం తయారైన ఇమాటినిబ్‌కు ఈ స్విచ్‌ని కూడా ఆపే గుణం ఉందని తేలడంతో 2000లో ఫిన్లండ్‌లో ఒక రోగికి ఇచ్చి చూశారు. కడుపు నిండా పాకిన గడ్డలు కొద్ది వారాల్లో కుంచించుకుపోయాయి. అంతకుముందు వాడుకలో ఉన్న కీమో మందులకు ఏమాత్రం లొంగని వ్యాధి ఇది. ముదిరిన రోగంలో అంతగా పనిచేసిన మందును ఆపరేషన్ అయిన వెంటనే, గడ్డ లేనప్పుడే ఇస్తే అసలు తిరిగి రాకుండా ఆపవచ్చు కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది.

ఒక ఏడాది చాలదని తేల్చింది కూడా ఫిన్లండే. జర్మనీ, ఉత్తర ఐరోపా దేశాల వైద్యులతో కలిసి కణితి తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న 400 మందిపై ఏడాది మందునూ మూడేళ్ల మందునూ పక్కపక్కన పెట్టి చూశారు. 2012లో వెలువడిన ఫలితాల్లో, ఐదేళ్ల నాటికి ప్రాణాలతో ఉన్నవారు మూడేళ్ల జట్టులో 92 శాతం, ఏడాది జట్టులో 81.7 శాతం. పదేళ్ల తర్వాత చూసినా 79 శాతం, 65.3 శాతంగా ఆ అంతరం నిలిచే ఉంది. మూడేళ్లు అన్న మాట చికిత్సా ప్రమాణంగా స్థిరపడింది ఈ పరీక్ష వల్లే. అయితే రెండు జట్లలోనూ మందు ఆపిన తర్వాతి నెలల్లోనే కణితి తిరిగి తలెత్తడం ఎక్కువైంది. మరి మూడేళ్లు కాకుండా ఆరేళ్లు ఇస్తే? ఫ్రాన్స్‌లో 136 మందిపై అదీ చూశారు. కణితి తిరిగి రావడం బాగా తగ్గింది. ప్రాణాలు నిలిచిన తీరులో మాత్రం తేడా స్పష్టంగా తేలలేదు.

దీర్ఘకాలం మందు వాడటమంటే మాటలు కాదు. కళ్ల చుట్టూ ఉబ్బు, కాళ్లు పట్టేయడం, వికారం, విరేచనాలు, నీరసం. ఒక్కోటి చిన్నదే అనిపిస్తుంది. కానీ ఒంట్లో కణితి లేని మనిషి, పొలానికో పనికో పోవలసిన మనిషి, ఇవన్నీ భరిస్తూ రోజూ భోజనం చేసి గ్లాసెడు నీళ్లతో మాత్ర మింగాలి. ఫిన్లండ్ నాయకత్వంలో జరిగిన పరీక్షలోనే మూడేళ్ల జట్టులో 25.8 శాతం మంది కణితి తిరగబెట్టడం కాక వేరే కారణాలతో మధ్యలో మానేశారు. ఏడాది జట్టులో ఆ సంఖ్య 12.6 శాతం. నర్సు ఫోన్ చేసి అడిగే, నెలనెలా రక్తపరీక్షకు పిలిచే పరీక్షలోనే ఇలా ఉంటే, మందుల షాపులో స్ట్రిప్ అయిపోయిన రోజు డబ్బు లేక రెండు వారాలు వాయిదా వేసే మన దగ్గర పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

ఈ మందు కథలో హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. 2000ల తొలినాళ్లలో స్విట్జర్లాండ్ కంపెనీ నొవార్టిస్ గ్లివెక్ పేరుతో అమ్మిన ఇమాటినిబ్ నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దరిలో ఉండగా, హైదరాబాద్‌కు చెందిన నాట్కో సహా మన కంపెనీలు అదే మందును ఎనిమిది, పది వేలకు అందించాయి. నొవార్టిస్ పేటెంట్ దరఖాస్తును 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయం తోసిపుచ్చింది. ఆ వ్యాజ్యం చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్‌ల ధర్మాసనం పేటెంట్ చట్టంలోని 3(డి) సెక్షన్‌ను ఆధారం చేసుకుని నొవార్టిస్ వాదనను కొట్టివేసింది. పాత పదార్థాన్నే కాస్త మార్చి కొత్త పేటెంట్ కోరడం చెల్లదని తేల్చిన ఆ తీర్పు పేద దేశాల రోగులకు ఊపిరిపోసిందని ప్రపంచమంతా చెప్పుకుంది. మనం గర్వపడవలసిన సంగతే.

అయితే గర్వానికి ఒక కొస మిగిలిపోయింది. మందు చవకైన తర్వాత దాని మీద పరీక్షలు చేసేవారు తగ్గిపోతారు. మాత్ర రెండేళ్లు చాలా, ఐదేళ్లు కావాలా, 400కు బదులు 300 మిల్లీగ్రాములు సరిపోతాయా అన్న ప్రశ్నలకు జవాబు చెబితే ఏ కంపెనీకీ లాభం లేదు. తక్కువ మందు చాలని తేలితే నష్టం కూడా. ఇలాంటి ప్రశ్నలను ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థలే వేయాలి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు తల, మెడ క్యాన్సర్ రోగుల్లో నివోలుమాబ్ అనే ఖరీదైన మందును కంపెనీ చెప్పిన మోతాదులో పదో వంతుకన్నా తక్కువ ఇచ్చి పరీక్షించారు. కీమోకు దానిని జోడిస్తే రోగులు మరింత కాలం బతికినట్టు 2023లో చూపించారు. జిస్ట్ విషయంలోనూ అలాంటి ప్రశ్న వేయడానికి మన దగ్గర ఏమీ కొదవ లేదు. మందు ఇక్కడే తయారవుతోంది. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ రోగులున్నారు, వైద్యులున్నారు. అరుదైన వ్యాధి కాబట్టి ఏ ఒక్క ఆసుపత్రికీ సరిపడా రోగులు దొరకరు. పది ఆసుపత్రులు కలిస్తే దొరుకుతారు. ఫ్రాన్స్ 136 మందితోనే ఒక జవాబు రాబట్టింది కదా.

పరీక్ష అనగానే మన వాళ్లకు మరో జ్ఞాపకం కూడా వస్తుంది, రావాలి కూడా. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన తీరుపై 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా విరుచుకుపడింది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సమ్మతి పత్రాలు బయటపడ్డాయి. సంతకం పెట్టించుకోవడం వేరు, చెప్పి ఒప్పించడం వేరు అని ఆ ఉదంతం నేర్పింది. ఆపరేషన్ అయి ఇంటికి వెళుతున్న రోగికి 'నువ్వు ఏ జట్టులో పడతావో మాకూ తెలియదు, మాత్ర ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు జవాబు కోసమే ఇదంతా' అని తెలుగులో తీరిగ్గా చెప్పగలిగిన చోటనే పరీక్ష జరగాలి.

ఇంకో మాట, దీనికి పరీక్షల కోసం ఆగనక్కర్లేదు. ఇమాటినిబ్ అందరికీ పనిచేయదు. 'పీడీజీఎఫ్ఆర్ఏ' అనే మరో జన్యువులో డి842వి లోపం ఉన్నవారికి ఈ మాత్ర ఇచ్చి ఉపయోగం లేదు. కణితి ఏ లోపంతో పుట్టిందో ముందే జన్యుపరీక్ష చేస్తే, పనికిరాని మాత్రను మూడేళ్లు మింగే దురవస్థ వారికి తప్పుతుంది. కణితి పరిమాణం, కణ విభజన వేగం, ఎక్కడ పుట్టింది, ఆపరేషన్‌లో పగిలిందా అన్న లెక్కను బట్టి ముప్పు తక్కువగా ఉన్నవారికి అసలు మాత్రే అక్కర్లేదు. ఈ లెక్క వేయకుండా అందరికీ రాసేయడమూ తప్పే, ఎవరికీ రాయకపోవడమూ తప్పే.

తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్ వైద్యసేవ పథకాలు గడ్డ కోయడానికి చెల్లించే డబ్బుతోపాటు జన్యుపరీక్ష ఖర్చునూ, ఆ తర్వాత మూడేళ్ల మాత్రలనూ ఒకే ప్యాకేజీగా చూడాలి. ఆపరేషన్ చేసి మందు అందించకపోవడం సగం పని చేయడమే. మూడేళ్లు నిండిన రోజున ఆపాలా కొనసాగించాలా అన్న ప్రశ్న వైద్యుడి ఒక్కడి నెత్తిన పడకుండా, మన రోగులతోనే మన సొంత జవాబు రాబట్టడానికి భారత వైద్య పరిశోధన మండలి నిధులు ఇవ్వాలి. ఎంఎన్‌జే, హోమీ భాభా వైద్యులు ముందుగా తమ రిజిస్టర్లు తెరిచి, ఇప్పటికే మూడేళ్లు మాత్ర వేసుకుని ఆపినవారు ఎంతమంది, వారిలో ఎవరికి ఎప్పుడు తిరగబెట్టిందో లెక్కగట్టి ప్రకటించవచ్చు. దానికి కొత్త భవనాలూ కొత్త యంత్రాలూ అక్కర్లేదు. రికార్డు గదిలో ఒక మనిషి, ఫోన్ చేసి కుశలం అడిగే మరో మనిషి చాలు.