జాగ్వార్ సంతాప సభకు అందరూ ఆహ్వానితులే

పెట్టుబడి లేకుండా, చెయ్యి మురికవకుండా, చచ్చేదాకా చేసుకోదగ్గ ఉద్యోగం ఒకటుంది. బ్రిటిష్ కార్ల వీరాభిమాని. అర్హతలేమీ అక్కర్లేదు. కారు కూడా అక్కర్లేదు. కొత్త మోడల్ బయటికొచ్చిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు విడిచి, "ఇది జాగ్వారే కాదండీ" అనగలిగితే చాలు. మిగతా ఏడాదంతా సెలవే.

2024 డిసెంబరు మొదట్లో మయామీలో జాగ్వార్ కంపెనీ టైప్ 00 అనే నమూనా కారుకి తెర తీసింది. అప్పట్నుంచీ ఈ ఒక్క వాక్యం వినీ వినీ నాకు విసుగు కూడా అరిగిపోయింది, ఇప్పుడు భక్తి పుడుతోంది. లండన్ క్లబ్బుల్లో పెద్దమనుషులు అంటున్నారు. కొవెంట్రీలో మాస్టర్స్ చదువుతున్న మన పిల్లాడు సిటీ బస్సు దిగుతూ అంటున్నాడు. కూకట్‌పల్లిలో సెకండ్ హ్యాండ్ ఆల్టో మీద లోను ఇంకా తీరని మా బాబాయి కూడా అంటున్నాడు. ఆయన జాగ్వార్‌ని దగ్గర్నుంచి చూసింది ఒక్కసారే, అదీ పెళ్లి ఊరేగింపులో, బంతిపూల దండల కింద. అయినా ఇది అది కాదని ఆయనకి తెలిసిపోయింది.

ముందు కారు సంగతి. కంపెనీ వాళ్లూ తక్కువ తిన్నవాళ్లేం కాదు. కారు కంటే రెండు వారాల ముందు ఒక ప్రకటన వదిలారు. అందులో రంగురంగుల బట్టలేసుకున్న మనుషులున్నారు, సమ్మెట ఉంది, రంగులేసే కుంచె ఉంది, కారు లేదు. "మీరు కార్లు అమ్ముతారా?" అని ఎలాన్ మస్క్ అడిగాడు. ఆయనతో నేను ఏకీభవించిన బహు కొద్ది సందర్భాల్లో అదొకటి. తర్వాత కారొచ్చింది. పేరులో రెండు సున్నాలు. పొగ సున్నా కాబట్టి మొదటిది, కొత్త వంశంలో సున్నా నంబరు కారు కాబట్టి రెండోది. అప్పటికే బ్రిటన్‌లో కొత్త జాగ్వార్ల అమ్మకం ఆపేశారు గనక మూడో సున్నాకీ పూర్తి అర్హత ఉంది. వినయం కొద్దీ ఊరుకున్నారు.

బారెడు బానెట్, 23 అంగుళాల చక్రాలు, పెట్రోలు బదులు కరెంటు. లోపల మూడు మీటర్లు దాటిన ఇత్తడి పట్టీ, దానికి తోడు ట్రావర్టైన్ రాయి. స్పోర్ట్స్ కారులో బండరాయి ఎందుకని అడక్కూడదు, లగ్జరీ అంటే అదే. ఆ ఇత్తడికి ప్రతి శుక్రవారం చింతపండు ఎవరు పెడతారన్నది మాత్రం కంపెనీ ఎక్కడా చెప్పలేదు.

రంగుల దగ్గర లోకం అట్టుడికింది. గులాబీ ఒకటి, నీలం ఒకటి. గులాబీకి మయామీ పేరు, నీలానికి లండన్ పేరు. ఆ నీలం అరవైల నాటి జాగ్వార్ రంగు చూసి కలుపుకున్నదే, అంటే అచ్చంగా వీరాభిమాని కలలోకి వచ్చే రంగు. దాన్ని ఒక్కడూ పట్టించుకోలేదు. గులాబీ మీద మాత్రం పెద్దపెద్దవాళ్లు సామ్రాజ్యం కూలిపోయినట్టు మాట్లాడారు. ఇలాంటిది హైదరాబాద్ రోడ్డెక్కితే ఎన్నికల ప్రచారం మొదలైందేమోనని జనం కంగారు పడతారు. అంతకు మించి నాకు ఆ రంగుతో పేచీ లేదు.

వెనక అద్దం లేకపోవడం ఇంకో గొడవ. కెమెరాలున్నాయి, వెనక ఏం జరుగుతోందో తెర మీద చూసుకోండి అన్నారు. బతుకంతా వెనక్కి చూస్తూనే గడిపేవాళ్లకి వెనక అద్దం పీకేసి అమ్మాలనుకోవడం... ఇది మాత్రం క్రూరత్వమే. ఈ ఒక్క విషయంలో నా సానుభూతి వాళ్లకే.

"ఇది జాగ్వారే కాదు" అనే మాటకి ఘనమైన చరిత్ర ఉంది. 1961లో జెనీవాలో ఇ-టైప్ వచ్చింది, అందరూ మూర్ఛపోయారు, బాగానే ఉంది. 1975లో దాని స్థానంలో ఎక్స్‌జే-ఎస్ వచ్చింది. ఇది జాగ్వారే కాదు అన్నారు. అది 21 ఏళ్లు బతికి, లక్షకి పైగా అమ్ముడై, ఇవాళ అదే నోళ్లలో "ఆహా, క్లాసిక్" అయింది. సరే పాతదే కావాలా, ఇదిగో అని 2001లో ఎక్స్-టైప్ తీశారు. గుండ్రటి హెడ్‌లైట్లు నాలుగు, పాత మొహం, లోపల చెక్క. ఫోర్డ్ వాళ్ల మామూలు కారు మాండియో పునాది మీద కట్టారు కాబట్టి ఇది జాగ్వారే కాదు. ఏడాదికి లక్ష అమ్ముదామని కూర్చున్న కంపెనీ ఆ దరిదాపులకి కూడా పోలేదు. 2009లో ఎక్స్‌జే అనే పెద్ద కారు మొహం మార్చారు, కాదు. 2016లో ఎఫ్-పేస్ అని ఎస్‌యూవీ చేశారు, అస్సలు కాదు. 2018లో ఐ-పేస్ అని కరెంటు కారే తెచ్చారు, 2019లో ప్రపంచ మేటి కారు అవార్డు కూడా కొట్టింది. కరెంటుతో నడుస్తుంది, పైగా ఆస్ట్రియాలో బిగించారు, రామ రామ.

ఇంకా వెనక్కి పోతే, విలియం లయన్స్ 1922లో బ్లాక్‌పూల్‌లో మోటార్‌సైకిళ్లకి సైడ్‌కార్లు చేస్తూ మొదలుపెట్టిన కంపెనీ ఇది. తర్వాత కార్లు చేశారు, వాటిని ఎస్ఎస్ అనేవారు. హిట్లర్ ఎస్ఎస్ సేనల పుణ్యమా అని ఆ రెండక్షరాలు పరమ దరిద్రంగా మారాక, 1945లో కంపెనీకి జాగ్వార్ అని పేరు పెట్టుకున్నారు. మన వీరాభిమాని ఆ రోజున ఉండి ఉంటే కచ్చితంగా నిట్టూర్చి ఉండేవాడు: "ఇది ఎస్ఎస్సే కాదండీ."

నేను తరచూ ఊహించుకునే సభ ఒకటుంది. వార్విక్‌షైర్‌లో ఏదో పల్లెటూరు, పబ్బు వెనక కార్లు ఆపే స్థలం, ఆదివారం పొద్దున్న పదిన్నర. చినుకులు. జాగ్వార్ సంతాప సభ. అధ్యక్షుల వారు ట్వీడ్ కోటు తొడుక్కుని, కణుపుల దగ్గర చిల్లులున్న తోలు గ్లవుజులు వేసుకుని వేంచేశారు. ఆయన ఇ-టైప్ కూడా వేంచేసింది, లారీ మీద. మాటిమాటికీ మొరాయించే ఆ కాలపు లూకాస్ కంపెనీ వైరింగుకి అక్కడివాళ్లు చీకటి యువరాజని ఊరికే బిరుదివ్వలేదు. కారుని దింపి కింద అట్టముక్క పరిచారు. ఆయిల్ కారుతోందేంటండీ అని ఎవరో అడిగితే, "కారకపోతే లోపల ఆయిల్ లేదని అర్థం నాయనా" అన్నారు అధ్యక్షులు గర్వంగా.

ఆయనతో కలిపి మొత్తం తొమ్మిది మంది. మిగతా వాళ్లు వేసుకొచ్చిన కార్లు అవతలి వరసలో ఉన్నాయి: జర్మన్ కార్లు నాలుగు, కొరియావి రెండు, జపాన్ హైబ్రిడ్ ఒకటి. ఒకాయన రైల్లో వచ్చి స్టేషన్ నుంచి నడిచాడు. ముందుగా ఇ-టైప్ ఇంజన్ గర్జనతో నివాళి అర్పించి, ఆ తర్వాత ఒక నిమిషం మౌనం పాటించాలని కార్యక్రమం. ఇంజన్ స్టార్టవలేదు. అందువల్ల మౌనం పదకొండు నిమిషాలు సాగింది.

తర్వాత ఉపన్యాసాలు. బానెట్ మరీ ఇంత పొడుగా అని ఒకాయన మండిపడ్డాడు, టీ ఫ్లాస్కుని ఇ-టైప్ బానెట్ మీద పెట్టి మరీ. ఫ్లాస్కుకి అటూ ఇటూ ఇంకో నలుగురి ఫ్లాస్కులు పట్టేంత జాగా ఉంది. ఇద్దరే కూర్చునే నమూనా చూపించి, తీరా నాలుగు తలుపుల కారు చేస్తారట, ఇదేం మోసం అన్నాడు ఇంకొకాయన. పిల్లల కోసమని ఈయన నాలుగు తలుపుల జర్మన్ కారు కొన్నాడు, పిల్లలకిప్పుడు నలభై ఏళ్లు. "శబ్దం లేని జాగ్వారేమిటండీ!" అని మూడో ఆయన కంటతడి పెట్టాడు. పక్కనే ఉన్న ఇ-టైప్ గంట నుంచీ కిక్కురుమనలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

అప్పుడు రైల్లో వచ్చినాయన చెయ్యెత్తాడు. "మొన్నటిదాకా ఎఫ్-టైప్ ఉండేది కదా. రెండు తలుపులు, వీ8 పెట్రోలు ఇంజన్, కావలసినంత చప్పుడు. మనలో ఎవరైనా కొన్నారా?"

చినుకుల చప్పుడు వినబడింది. కోశాధికారి తేరుకుని, కొనేవాణ్ణే గానీ డిక్కీలో గోల్ఫ్ బ్యాగు పట్టలేదన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదన్నాడు ఒకడు. చివరికి అధ్యక్షులే నోరు విప్పారు. "తొందరేముందండీ? ఇంకో పదేళ్లాగితే రేటు పడిపోతుంది. మూడో ఓనరు దగ్గర నిదానంగా తీసుకుంటాను."

రైల్లో వచ్చినాయన సభ్యత్వం రద్దు చేస్తూ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

జాగ్వార్ కొంప ముంచింది ఈ నిదానమే. కంపెనీకి డబ్బులిచ్చేది మొదటి ఓనరు. మూడో ఓనరు దగ్గర కొన్నవాడు కంపెనీకి ఇచ్చేది సలహాలు. 2018లో లక్షా ఎనభై వేల కార్లు అమ్మిన కంపెనీ 2023-24 నాటికి అరవై ఏడు వేల దగ్గరికొచ్చి పడింది. ఎఫ్-టైప్ 2013 నుంచి 2024 దాకా పదకొండేళ్లు షోరూముల్లో కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది. గేర్లు ఆటోమేటిక్ అని, బరువెక్కువ అని, దాన్నీ జాగ్వార్ కాదన్నవాళ్లే ఇప్పుడు దాని ఫొటో పెట్టుకుని గుండెలు బాదుకుంటున్నారు. ఆఖరి ఎఫ్-టైప్ ఎవరికి దక్కిందో తెలుసా? ఎవరికీ లేదు. కంపెనీయే తన వారసత్వ ట్రస్టుకిచ్చి దాచుకుంది. పాత కొనుగోలుదారుల్లో నూటికి పదీ పదిహేను మంది మిగిలితే చాలని కంపెనీ లెక్కేసుకుందంటే పొగరు అన్నారు. నాకైతే అది దురాశ అనిపించింది.

దీనికి తోక ఒకటుంది. "టాటా వాళ్ల చేతిలో పడ్డాకే ఇలా అయింది." ఇండియా వాడికి జాగ్వార్ ఏం తెలుసని కొందరు దొరలు సాగదీసి అంటారు, మనవాళ్లు కొందరు ఆ మాటనే ఇంగ్లిష్ యాసతో సహా మోసుకొస్తారు. 1989 నుంచి 2008 దాకా అది ఫోర్డ్ చేతిలో ఉంది. ఫోర్డ్ వదిలించుకుంటే, ల్యాండ్ రోవర్‌తో కలిపి 230 కోట్ల డాలర్లకి టాటాలు కొన్నారు. మాండియో మీద జాగ్వార్ కట్టింది ఫోర్డ్. వీళ్లు దణ్ణం పెట్టుకునే ఇ-టైప్ పుట్టిన కొవెంట్రీ బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో 2005లో కార్ల తయారీ ఆగింది, ఫోర్డ్ హయాంలోనే. ఎఫ్-టైప్ వచ్చింది టాటా డబ్బుతో. టాటాలు తప్పులు చెయ్యలేదని కాదు. కారు లేని కారు ప్రకటన చాలదా? కానీ తెల్ల ఓనరు ముంచితే వ్యాపారం, గోధుమరంగు ఓనరు ముంచితే అపచారం అనేవాడికి కార్ల మీద ప్రేమ ఉందంటే నేను నమ్మను.

2025 ఆగస్టు ఆఖర్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. సాలిహల్, హేల్‌వుడ్, వుల్వర్‌హాంప్టన్ ఫ్యాక్టరీలు ఐదు వారాలకి పైగా ఆగిపోయాయి. బ్రిటన్‌లో కొత్త నంబరు ప్లేట్లొచ్చే సెప్టెంబరు నెల, ఏడాదిలో బండ్లు బాగా అమ్ముడయ్యే నెల, తయారీ సున్నా. కంపెనీ ఎలాగో తట్టుకుంది. దానికి బోల్టులు, సీట్లు, వైర్లు చేసిచ్చే చిన్న షెడ్ల వాళ్లు తట్టుకోలేక మనుషుల్ని ఇళ్లకి పంపేశారు. ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల అప్పుకి పూచీ పడాల్సొచ్చింది. నష్టం 190 కోట్ల పౌండ్లు, దెబ్బతిన్న సంస్థలు ఐదు వేలకి పైనే అని సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా వేసింది. ఆ ఐదు వారాల్లో నేను విన్న వీరాభిమానులు ఏం మాట్లాడారు? కొత్త లోగోలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ కలిపేశారని! దూకే పులి బొమ్మ బాలేదని! అద్దె కట్టలేక వెల్డర్ ఇంట్లో కూర్చుంటే వీళ్లకి అక్షరాల పొందిక కావాల్సొచ్చింది. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాలు చేసిన కాజిల్ బ్రామిచ్ ఫ్యాక్టరీలో 2024లో జాగ్వార్ల తయారీ ఆగింది. ఆ గేటు ముందుకెళ్లి ఎవడైనా ఒక్క పువ్వు పెట్టాడా? కారుని ప్రేమిస్తారట, వారసత్వమట, ఆత్మట. ఆ ఆత్మకి బోల్టు బిగించిన చెయ్యి మాత్రం వీళ్లకి కనబడదు. సిగ్గుండాలి.

సరే. నాదొక ప్రతిపాదన. టైప్ 00 ఆధారంగా వచ్చే నాలుగు తలుపుల కారు ధర లక్ష పౌండ్ల పైమాటే అంటున్నారు. అందులో పది శాతం, అంటే పదివేల పౌండ్లు, అభిప్రాయ డిపాజిట్‌గా వసూలు చెయ్యాలి. డబ్బు కట్టి రశీదు తీసుకున్నాకే "ఇది జాగ్వారే కాదు" అనాలి. గులాబీ రంగు మీద వ్యాఖ్యకి ఇంకో వెయ్యి. "ఇ-టైప్ రోజుల్లో అయితేనా..." అని మొదలుపెడితే డిపాజిట్ రెట్టింపు, మధ్యలో కళ్లు మూసుకుంటే మూడింతలు. మా బాబాయి లాంటి విదేశీ అభిమానులు ఆల్టో ఆర్సీ చూపిస్తే సగం రాయితీ, వాయిదాల సదుపాయం కూడా. వసూలైందంతా ఆ చిన్న షెడ్ల వర్కర్ల జీతాలకి వెళ్లాలి. కారు నిజంగా కొన్నవాళ్లకి డిపాజిట్ వడ్డీతో సహా వాపసు. మూడో ఓనరు దగ్గర కొన్నవాళ్లకి వాపసు లేదు. వ్యాట్ అదనం.