కేబుల్ ఏ రంధ్రంలో తగిలించినా ఒకటేనా?

పాత షెవ్రొలెట్ కార్లకు కంపెనీ అమర్చిన క్వాడ్రాజెట్ రకం కార్బురేటర్‌ను తీసి హోలీ కంపెనీ కార్బురేటర్ బిగించేవారి మధ్య ఒక సలహా బాగా చలామణిలో ఉంది. కేబుళ్లను థ్రాటిల్ లివర్‌లో (కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచే మీటలో) అందిన రంధ్రానికి తగిలించి బిగువు సరిచూసుకుంటే చాలుననీ, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుల్ కిక్‌డౌన్ (పెడల్ పూర్తిగా తొక్కితే గేరు దిగడం) కోసమే కనుక అది కాస్త అటూఇటూ అయినా నష్టం లేదనీ దాని సారాంశం.

ముందుగా కిక్‌డౌన్ సంగతి. టీహెచ్350 గేర్‌బాక్స్ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. అందులో ఇంజిన్‌పై పడే భారాన్ని వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ పీల్పుతో పనిచేసే పరికరం) పసిగడుతుంది, పెడల్‌ను పూర్తిగా తొక్కినప్పుడు గేరు దించడమే కేబుల్ పని. టీహెచ్400లోనైతే ఆ పనికి కేబులే లేదు, విద్యుత్ స్విచ్ ఉంటుంది. అయితే ఓవర్‌డ్రైవ్ (హైవేపై ఇంజిన్ వేగం తగ్గించే పై గేరు) కోసం ఇప్పుడు చాలామంది పాత కార్లకు వేయించుకునే 700ఆర్4లో మాడ్యులేటర్ లేదు. 1982లో వచ్చిన ఈ గేర్‌బాక్స్‌లో టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఎంత లాగితే లోపలి ఆయిల్ ఒత్తిడి అంత పెరుగుతుంది, గేరు ఎప్పుడు మారాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది. థ్రాటిల్ తెరుచుకున్నా కేబుల్ తగినంత కదలకపోతే, ఇంజిన్ బలం పెరుగుతుంది గాని క్లచ్ ప్లేట్లను అదిమిపట్టే ఒత్తిడి పెరగదు. అవి జారి, వేడెక్కి మాడిపోతాయి. దీన్ని "అటూఇటూ" అని తేల్చేయడం అన్యాయం.

ఇక బిగువు. సర్దుబాటుతో కేబుల్ లాగుడు ఎక్కడ మొదలవ్వాలో మార్చగలం గాని, అది మొత్తం ఎంత కదలాలో మార్చలేం. ఆ కదలికను నిర్ణయించేది థ్రాటిల్ లివర్ తిరిగే ఇరుసు కేంద్రానికీ కేబుల్ తగిలించిన పిన్‌కూ మధ్య ఉన్న దూరం. పిన్ మరీ దగ్గరగా ఉంటే రెండు చిక్కులలో ఒకటి తప్పదు: పూర్తి థ్రాటిల్ దగ్గర సరిచేస్తే ఐడిల్‌లోనే (పెడల్ వదిలేసినప్పుడే) కేబుల్ కొంత లాగి ఉండి గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి, ఐడిల్ దగ్గర సరిచేస్తే పూర్తి థ్రాటిల్‌లో ఒత్తిడి చాలదు. పిన్ మరీ దూరమైతే కేబుల్ ముందే చివరికి చేరి థ్రాటిల్‌నే పూర్తిగా తెరుచుకోనివ్వదు.

యాక్సిలరేటర్ కేబుల్‌దీ ఇంచుమించు ఇదే కథ. కొత్త కార్బురేటర్ పాత మానిఫోల్డ్‌పై కుదరడానికి మధ్యలో అడాప్టర్ ప్లేటు వేస్తే కార్బురేటర్ పైకి లేస్తుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (కార్బురేటర్ కూర్చునే గొట్టాల భాగానికి) బిగించిన, కేబుల్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ మాత్రం కిందే ఉండిపోయి కేబుల్ వంకరగా లాగుతుంది. ఇంజిన్ ఆపి, లోపల ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుండగా పైనుంచి ప్రైమరీ బటర్‌ఫ్లైలు (పెడల్‌తో నేరుగా తెరుచుకునే గాలి పలకలు) నిట్టనిలువుగా నిలుస్తున్నాయో లేదో, వదలగానే చటుక్కున మూసుకుంటున్నాయో లేదో చూడాలి.

హోలీ లివర్‌పై టీవీ కేబుల్ పిన్‌ను సరైన దూరానికి చేర్చే అడాప్టర్లు, వాటికి తగిన బ్రాకెట్లు విడిగా దొరుకుతాయి. అవి బిగించాకే సర్దుబాటు: కేబుల్‌పై మీట నొక్కి స్లైడర్‌ను లివర్‌కు దూరంగా, వెనక్కి జరిపి, థ్రాటిల్‌ను పూర్తిగా తెరిస్తే అది టకటకమంటూ తన చోటికి వస్తుంది. ఆపైన గేర్‌బాక్స్‌కు ప్రెజర్ గేజ్ తగిలించి చూడకుండా కారును హైవే ఎక్కించమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.