నట్టలు వేరు, నత్తలు వేరు

పది రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట మా బావగారు పంపారు. తర్వాత కాలేజీలో సహోద్యోగి, అపార్ట్‌మెంట్ గ్రూపు, పాలు పోసే ఆయన, "చూశావా లేదా" అంటూ మళ్లీ మా బావగారు. ఆరోసారి పంపినవాడు నా దగ్గర మూడేళ్లు జంతుశాస్త్రం చదువుకున్న కుర్రాడు. వాడికి మార్కులు వేసింది నేనే కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకే రాస్తున్నాను.

మెసేజ్ ఇదీ: "అత్యవసరం! ఈ వానలకు కుక్కల, పిల్లుల ఊపిరితిత్తుల్లో పురుగులు పడుతున్నాయి. దగ్గే ప్రతి కుక్కకూ ఇదే జబ్బు. దాని గాలి సోకితే పిల్లలకు మెదడువాపు. మల పరీక్షలో ఏమీ తేలదు, డబ్బు దండగ. గొర్రెలకు వేసే నట్టల మందు ఐవర్‌మెక్టిన్ రెండు మిల్లీలీటర్లు పెరుగన్నంలో కలిపి పెట్టండి. లేకపోతే వెల్లుల్లి నూరి పెట్టండి. బల్లిని తిన్న పిల్లిని ఇంట్లోకి రానివ్వకండి. దగ్గు తగ్గకపోతే జంతువును ఊరవతల వదిలేయండి. పది మందికి పంపండి." కింద ఒక ఫొటో.

ఆ ఫొటోను అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. కోసిన గుండె, అందులోంచి ఉడికిన సేమ్యాలా వేలాడుతున్న పురుగులు. అది గుండె పురుగు. దోమ కుట్టి ఎక్కిస్తుంది, అడుగు పొడవు దాకా పెరుగుతుంది. మెసేజ్ చెబుతున్న ఊపిరితిత్తుల పురుగు నత్తల ద్వారా వస్తుంది, వెంట్రుకంత సన్నం, పొడవు రెండున్నర సెంటీమీటర్లు దాటదు. దోమ చేసిన పనికి నత్తను బోనెక్కించారన్నమాట.

దగ్గే ప్రతి కుక్కకూ ఇదేనట. ముసలి పొమరేనియన్ దగ్గితే గుండె కవాటం చూడాలి, శ్వాసనాళం చూడాలి. టీకా వేయించని కూన దగ్గితే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు భయం ఉంటుంది. ముక్కులోంచి రక్తం కారితే మన దగ్గర మొదట అనుమానించవలసింది గోమార్ల జ్వరాన్ని. ఇక వెల్లుల్లి కుక్కకూ పిల్లికీ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, పిల్లికి మరీను. ఆ అంశం అంతటితో సరి.

మెదడువాపు మాట మాత్రం పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు, రెండు పురుగులను ఒకే సంచిలో వేయడం వల్ల పుట్టింది. 1935లో చైనాలోని కాంటన్‌లో ఎలుకల్లో కనుగొన్న ఊపిరితిత్తుల పురుగు ఒకటుంది. పచ్చి నత్త తిన్నా, దాని పిల్ల పురుగులున్న ఆకుకూర కడగకుండా తిన్నా అది మనిషి మెదడు పొరల దాకా వెళ్తుంది. ఆస్ట్రేలియాలో ఒక యువకుడు 2010లో స్నేహితుల మధ్య సరదాకు చిప్ప లేని నత్తను మింగి, మంచాన పడి, 2018లో చనిపోయాడు. ఆ కథలో కుక్క ఎక్కడా లేదు. నత్తల ద్వారా కుక్కకు, పిల్లికి వచ్చే ఊపిరితిత్తుల పురుగులు వేరు, అవి మనుషులకు అంటవు. కుక్కల్లోనే మరో రకం పురుగు తల్లి నాకినప్పుడు కూనలకు చేరుతుంది. అది కూడా లాలాజలంతోనే, గాలితో కాదు. పిల్లలను కుక్క దగ్గరి నుంచి లాగకండి, తోటకూర మాత్రం శుభ్రంగా కడగండి.

మా గ్రూపులో ఒకాయన నాకంటే ముందే ఈ మెసేజ్‌ను కొట్టిపారేశారు. "ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో నత్తలేమిటండీ" అని. ఆయనకూ ఒక మాట. నార్పల వైపు ఏ చీనీ తోటలోకైనా వెళ్లి, డ్రిప్పు పైపు కింద తడిమట్టి కదిలించి చూడండి. వాన లేకపోయినా నత్తకు కావలసిన తడి మనమే పెట్టాం. నత్తలున్నాయి, జబ్బూ ఉంది. అబద్ధమంతా వాటి చుట్టూ అల్లిన మిగతా కథలో ఉంది.

ఇక ఆ పెరుగన్నం సంగతి. నట్టలంటే పశువుల కడుపులో పురుగులు. గొర్రెల ఐవర్‌మెక్టిన్ సీసా మీద ఒక శాతం అని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాముల మందు. గొర్రెకు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు, అదీ చర్మం కింద. ఆ లెక్కన రెండు మిల్లీలీటర్లు ఎవరికి సరిపోతాయి? వంద కిలోల పొట్టేలుకు. మీ ఇంట్లో వంద కిలోల కుక్క ఉంటే చెప్పండి, టికెట్టు పెట్టి చూపిద్దాం. పది కిలోల కుక్కకు అది గొర్రె మోతాదుకు పది రెట్లు. గుండె పురుగు రాకుండా కుక్కలకు నెలనెలా ఇచ్చే మాత్రలో ఉండేది కిలోకు ఆరు మైక్రోగ్రాములు. దానితో పోలిస్తే మూడు వందల రెట్లు పైమాటే. కిలో బరువున్న పిల్లికూన సంగతి నేను లెక్క వేయదలచుకోలేదు.

కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి, కొన్ని షెపర్డ్‌లకు కూడా, ఒక జన్యులోపం ఉంటుంది. ఈ మందును మెదడులోకి పోనివ్వకుండా కాపలా కాసే ఏర్పాటు వాటిలో పనిచేయదు. వాటికి గొర్రె మోతాదే విషం. మన వీధి కుక్క ముత్తాత ఏ జాతో ఎవరు రాసిపెట్టారు?

ఇదంతా పుస్తకం చూసి చెబుతున్నాననుకుంటే మా వీధి చివరి ఇంటికి వెళ్లండి. నాలుగు కిలోల ముసలి పొమరేనియన్. మెసేజ్ చూసి పెరుగన్నం కలిపారు. అది సగమే తిని వదిలేసింది కాబట్టి ఇవాళ బతికి ఉంది. సాయంత్రానికి కనుపాపలు కాసుల్లా విచ్చుకున్నాయి, నోట్లోంచి చొంగ, తూలుతూ వెళ్లి గోడకు కొట్టుకుంది. రెండు రోజులు చూపు లేదు. దీనికంటూ విరుగుడు మందు లేదు, సెలైన్ ఎక్కించి పక్కన కూర్చోవడమే. చివరికి దాని దగ్గుకు కారణం గుండె అని తేలింది. ఇదే మందు ఆఫ్రికా నదీతీరాల్లో లెక్కలేనంత మందికి చూపు పోకుండా కాపాడింది. దాన్ని కనిపెట్టిన క్యాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ ఇచ్చారు. అలాంటి మందుతో కుక్క కళ్లు పోగొట్టిన ఘనత మన మెసేజ్‌ది.

అన్నిటికంటే మండించే విషయం ఇంకొకటి. ఈ పురుగుకు పశువైద్యులు తరచుగా వాడే ఫెన్‌బెండజోల్ కూడా నట్టల మందే, అదే దుకాణంలో దొరుకుతుంది. రాసిన మహానుభావుడి చెయ్యి సరిగ్గా పక్క సీసా మీద పడింది. అలాగని మీరు వెళ్లి దాన్ని కొనకండి. బరువు తూచి, రోజులు లెక్కపెట్టి ఇవ్వవలసిన మందు అది. ఊపిరితిత్తుల్లో పురుగులు ఒక్కసారిగా చచ్చినా ఆయాసం పెరగవచ్చు.

మూడోసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చిన ప్రతిలో ఎవరో వేలు జారి "నట్టల మందు" కాస్తా "నత్తల మందు" అయింది. తోటల్లో నత్తలను చంపడానికి చల్లే మెటాల్డిహైడ్ గుళికలు కుక్క తింటే గంటల్లో మూర్ఛలు వస్తాయి. ఒక్క అక్షరం మారింది. నలభై మంది ఉన్న గ్రూపులో ఒక్కరూ గమనించలేదు, ఇరవై మంది దండం బొమ్మ పెట్టారు.

ఇప్పుడు బల్లి. ఈ వాక్యం చదివి నేను గట్టిగా నవ్వాను. మా అవ్వ కూడా "బల్లిని తిన్న పిల్లి చిక్కిపోతుంది" అనేది, అప్పుడూ నవ్వేవాణ్ని. ఖండిద్దామని పుస్తకం తెరిస్తే నా నవ్వు నాకే తగిలింది. నత్తను తిన్న బల్లి, కప్ప, ఎలుక, పిట్ట తమ ఒంట్లో ఆ పిల్ల పురుగులను దాచి ఉంచుతాయి. నత్త జోలికి వెళ్లని పిల్లికి జబ్బు ఎక్కువగా చేరేది ఈ దారినే. మా అవ్వ గెలిచింది, మెసేజ్ కూడా ఈ ఒక్క మాటలో గెలిచింది. కానీ బల్లిని తిన్న పిల్లిని బయటికి తోస్తే బయట తినేది ఏమిటి? ఇంకా నాలుగు బల్లులు! చాలా పిల్లులు ఈ జబ్బు నుంచి వాటంతట అవే కోలుకుంటాయి కూడా.

ఊరవతల వదిలేయమన్న వాక్యానికి నేను జవాబు రాయను. దాన్ని చదివి కూడా ముందుకు పంపినవారు మా ఇంటికి కాఫీకి రానక్కర్లేదు, బావగారు సహా.

మిగిలింది మల పరీక్ష. మామూలుగా చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఈ పురుగు తప్పించుకోవచ్చు, అంతవరకు మెసేజ్‌ది సగం నిజమే. కానీ బేర్మన్ అనే వైద్యుడు 1917లో మట్టిలోంచి కొంకిపురుగు పిల్లలను పట్టడానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. గరాటులో గోరువెచ్చని నీళ్లు, పైన గుడ్డలో మూటకట్టిన మలం. రాత్రంతా ఉంచితే పిల్ల పురుగులు కదులుతూ అడుగుకు దిగుతాయి. పురుగు రోజూ బయటపడదు కాబట్టి వరుసగా మూడు రోజుల మలం ఇవ్వాలి, తాజాది, మట్టి అంటనిది. పశువుల డాక్టరును ఈ పరీక్ష పేరు చెప్పి అడగండి.

నేనూ అడిగాను. మా పిల్లి వారం రోజులుగా దగ్గుతోంది. పోయిన నెల అది ట్యూబులైటు దగ్గర బల్లిని పట్టడం నేను కళ్లారా చూశాను, మెచ్చుకున్నాను కూడా. మూడు చిన్న డబ్బాలు కడిగి ఆరబెట్టాను, మీద తేదీలు కూడా రాశాను. నిన్నటి నుంచి అది పక్కింటి ఇసుక కుప్పలోకే వెళ్తోంది.