అన్నగారికి బిల్లు పంపడమెలా

విజయవాడ గవర్నరుపేటలో రెండు గదులు అద్దెకు తీసుకుని, గాజు తలుపు మీద రంగురంగుల అక్షరాలతో పేరు అతికించి మార్కెటింగ్ ఏజెన్సీ ప్రారంభించే ప్రతి యువకుడూ తాను ప్రకటనల వ్యాపారంలోకి దిగానని అనుకుంటాడు. ఈ అపోహను ముందుగానే తొలగించవలసిన బాధ్యత పెద్దల మీద ఉంది. అతడు దిగింది అప్పులిచ్చే వ్యాపారంలోకి. పోస్టర్లు, రీల్సు, కరపత్రాలు అన్నీ అప్పు తీసుకున్నవారికి ఉచితంగా అందజేసే కానుకలు. మామూలు ఫైనాన్సు వ్యాపారి చేతిలో ప్రామిసరీ నోటు, వడ్డీ, హామీదారు సంతకం వంటి మోటు సాధనాలు ఉంటాయి. ఏజెన్సీ యజమాని చేతిలో అంతకంటే ఉదాత్తమైనది ఒకటి ఉంటుంది. దానిని క్లయింట్ రిలేషన్ అంటారు.

ఈ రిలేషన్ పెరిగే క్రమాన్ని శ్రద్ధగా గమనించినవారికి ఒక సూత్రం తేటగా కనిపిస్తుంది: వరస దగ్గరయ్యేకొద్దీ చెక్కు దూరమవుతుంది. తొలి సమావేశంలో దుకాణం ఓనరు గారు మిమ్మల్ని "ఏజెన్సీ వాళ్లు" అంటారు. ఆ దశలో అడ్వాన్సు అడగవచ్చు, దొరకనూ వచ్చు. రెండు పండుగల పోస్టర్లు గడిచేసరికి "తమ్ముడూ" అంటారు. ఆనాటి నుంచి ఆయన మీకు అన్నగారు. ఇక మీ నోట అడ్వాన్సు అన్న మాట రాకూడదు, వస్తే ఆయన నొచ్చుకుంటారు. ఇంట్లో పెళ్లికి శుభలేఖ చేతికిచ్చి, "నువ్వు మనింటివాడివి, ముందు రోజే వచ్చేయాలి" అన్నారంటే, పాత బిల్లుల ప్రస్తావన ఆ ఇంట్లో ఇకపై అపశకునం కిందికి వస్తుందని గ్రహించాలి. ఆ శుభలేఖను డిజైన్ చేసింది కూడా మీరే. దానికి బిల్లు వేసినవాడు కృష్ణా తీరంలో ఇంతవరకు పుట్టలేదు. పెళ్లికి వెళ్లినవారు చదివింపుల కవరు ఇవ్వకుండా రాలేరు కాబట్టి, మీకు రావలసినది రాకపోగా మీ దగ్గర మిగిలినది కూడా కొంత అటు చేరుతుంది. రిలేషన్ అంటే ఇచ్చిపుచ్చుకోవడమే కదా. ఇవ్వడం మీ వంతు.

ఈ బంధుత్వం పనిలో ఎలా వ్యక్తమవుతుందో ఒక ఉదాహరణతో వివరిస్తాను. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక చీరల దుకాణం. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో సరుకు కదలాలంటే తగ్గింపు ధరలు పెట్టాలి, ఆ తగ్గింపు ఊరందరికీ తెలియాలి, కాబట్టి పోస్టరు కావాలి. ఓనరు గారు ఫోనును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు వేళ్లతో పోస్టరును పెద్దది చేసి, మోడల్ కట్టుకున్న చీరనూ, కొట్టొచ్చినట్టున్న 50 శాతాన్నీ దాటుకుంటూ వెళ్లి, కింద ఎడమ మూలన ఉన్న తన ఫొటో దగ్గర ఆగుతారు. "మెడ దగ్గర కొంచెం నల్లగా వచ్చింది, చూడు తమ్ముడూ." అక్కడితో మొదటి ఆమోదం పూర్తయినట్టు. తర్వాత పోస్టరు బావమరిది గారికి వెళుతుంది; ఆయన ధర అంకెలు ఇంకా పెద్దవి చేయమంటారు. బెంగళూరులో బీబీఏ చదువుతున్న అబ్బాయి సగం ఖాళీగా వదిలేయమంటాడు, అదే ఇప్పటి ట్రెండు అంటాడు. అమ్మగారు రాణీ రంగు కావాలంటారు. చివరగా కుటుంబ సిద్ధాంతి గారు లోగోను ఈశాన్యానికి జరపమని సెలవిస్తారు. పోస్టరుకు ఈశాన్యం ఏ వైపన్నది దానిని ఏ గోడకు అతికిస్తారన్న దానిమీద ఆధారపడి ఉండదా అని మా డిజైనరు ఒకసారి సందేహం వెలిబుచ్చాడు. చిన్నవాడు, నేర్చుకుంటాడు.

పని ముగిసిన తర్వాత చెల్లింపు అనే ఘట్టం వస్తుంది. దీనికి పంచాంగ పరిజ్ఞానం తప్పనిసరి. శుక్రవారం లక్ష్మీదేవిని బయటికి పంపరాదు. మంగళవారం డబ్బు ఇస్తే మళ్లీ మళ్లీ ఇవ్వవలసి వస్తుందని నమ్మకం. ఏజెన్సీ విషయంలో ఆ నమ్మకం నిజమైతే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది గానీ, పైకి అనకూడదు. సోమవారం వారం మొదలు, బోణీ రోజున చెల్లింపులు శుభం కాదు. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. మిగిలిన శనివారాల్లో ఓనరు గారు తిరుమల వెళతారు. ఆదివారం గురించి చెప్పనక్కరలేదు. మిగిలిన బుధ, గురువారాల్లో ఆయన సరుకు కోసం సూరత్‌లో ఉంటారు. ఒకవేళ ఉన్నా, సాయంత్రం దీపాలు పెట్టాక గల్లాపెట్టె తెరవరు. అమావాస్య, మూఢం, ఆడిటింగు వీటికి అదనం. ఇంత నిష్ఠగా వారవర్జ్యాలు పాటించే ఇంటి నుంచి పోస్టరు మార్పులు మాత్రం అమావాస్య అర్ధరాత్రి కూడా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌ల రూపంలో వస్తాయి. పని చెప్పడానికి దుర్ముహూర్తం ఉన్నట్టు ఏ సిద్ధాంతి గారూ ఇంతవరకు తేల్చలేదు.

ప్రభుత్వం కూడా ఈ అనుబంధానికి తన వంతు చేయూతనిస్తోంది. లక్ష రూపాయల పనికి ఏజెన్సీ బిల్లు వేస్తే దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 18,000 రూపాయలు. ఈ పన్ను డబ్బు చేతికి వచ్చాక కట్టేది కాదు. బిల్లు వేస్తే చాలు, కట్టవలసిందే. నెలనెలా రిటర్ను వేసే ఏజెన్సీ అయితే మరుసటి నెల 20వ తేదీకల్లా ఆ 18,000 తన జేబులోంచి తీసి కట్టి, ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా చెల్లిస్తుంది. ఏజెన్సీ చూపించిన ఆ బిల్లు అన్నగారి ఖాతాలో ప్రత్యక్షం కాగానే వారి ఆడిటర్ గారు అంతే మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకుని, వారు కట్టవలసిన పన్నులో తగ్గించేస్తారు. 180 రోజుల్లోగా మనకు డబ్బు చెల్లించకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలని చట్టం అంటుంది. అందుకే 179వ రోజున ఆడిటర్ గారి నుంచి ఎంతో ఆప్యాయంగా ఫోను వస్తుంది, పాత బిల్లు రద్దు చేసి అదే మొత్తానికి కొత్త తేదీతో మరొకటి పంపమని. అంటే అన్నగారు మీకు ఒక్క రూపాయి ఇవ్వకముందే మీ వల్ల 18,000 లాభపడ్డారు. ఇంతకన్నా గట్టి రిలేషన్‌ను ఏ మేనేజ్‌మెంటు గురువూ బోధించలేడు.

చిన్న సంస్థలను ఆదుకునే చట్టం లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, అది ఎంతైనా 45 రోజులు మించకుండా, సూక్ష్మ, చిన్న సంస్థలకు డబ్బు చెల్లించాలి. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు కోసం 2017లో సమాధాన్ పేరుతో పోర్టల్ కూడా తెరిచారు. ఇవి చాలవన్నట్టు 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను నిబంధనల్లో మరొకటి చేర్చింది. దాని ప్రకారం గడువులోగా చెల్లించని బిల్లును కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఇదంతా చదివిన ఏజెన్సీ యజమాని చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకుని, సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి, వేంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలిస్తాడు. రెండింటికీ అతడు రోజూ నమస్కరిస్తాడు. రెండింటిలో దేనికీ లిఖితపూర్వక ఫిర్యాదు మాత్రం చేయడు. చేస్తే బాకీ వస్తుందేమో గానీ దసరా ఆర్డరు పోతుంది. "బిల్లు మీద ఆ ఉద్యం నంబరు వేయకు తమ్ముడూ, మన మధ్య అవన్నీ ఎందుకు" అని అన్నగారు ఒక మాట అనగానే, మరుసటి బిల్లులో ఆ నంబరు ఉండదు.

డిజిటల్ యుగంలో ఈ అనుబంధం మరో మెట్టు ఎక్కింది. ఫేస్‌బుక్, గూగుల్ సంస్థలు ఏ వరసకూ లొంగనివి. కార్డు పనిచేయకపోతే ప్రకటన ఆగిపోతుంది, ఎవరి మేనల్లుడు ఫోను చేసినా కదలదు. అందుకని అన్నగారు, "యాడ్స్ నీ కార్డు మీద నడిపించేయ్, బిల్లులో కలిపేద్దాం" అంటారు. ఆ విధంగా గవర్నరుపేట రెండు గదుల ఏజెన్సీ అమెరికా సంస్థలకు రొక్కం కడుతూ, తన క్రెడిట్ కార్డు మీద నెలకు 3 శాతం దాటిన వడ్డీ మోస్తూ, కార్లలో తిరిగే వారికి పెట్టుబడి సమకూరుస్తుంది. అంకుర సంస్థలకు నిధులు దొరకడం లేదని వాపోయేవారు ఈ దృశ్యాన్ని ఎందుకో గమనించరు.

ఇక సలహా చెప్పడం గురించి రెండు మాటలు చాలు. చెప్పకూడదు. అమరావతి వైపు వెంచరు వేస్తున్న పెద్దమనిషి ప్రీ లాంచ్ ఆఫరు అని బ్రోచరు వేయమంటే, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడాన్ని 2016 చట్టం నిషేధించిందనీ, ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడవచ్చుననీ చెప్పిన ఏజెన్సీ వారిని నేనెరుగుదును. "మేం ఏజెన్సీని పెట్టుకున్నామా, లాయరును పెట్టుకున్నామా?" అని ఆయన వేరే ఏజెన్సీకి వెళ్లిపోయారు. అప్పటివరకు చేసిన పని బిల్లు అడిగితే, క్వాలిటీ సరిగా లేదన్న సంగతి అప్పుడు బయటపడింది. సూత్రంలోని రెండో భాగం ఇదే: బంధం ఉన్నంతకాలం డబ్బు అడగరాదు, తెగిన తర్వాత అడిగినా రాదు.

ఇంత నష్టంలో ఏజెన్సీ ఎలా బతుకుతుందన్న ప్రశ్న సహజం. దానికి జవాబు కింది మెట్టులో ఉంది. నెల మొదటి వారంలో జీతం సంగతి ఎత్తిన డిజైనరు భుజం మీద ఏజెన్సీ యజమాని చేయి వేసి, టీ తెప్పించి, "మనదంతా ఒక ఫ్యామిలీ తమ్ముడూ" అంటాడు. వీడియోలు ఎడిట్ చేసే ఫ్రీలాన్సరుకు "క్లయింటు దగ్గర నుంచి రాగానే ఫస్టు నీకే" అని మాట ఇస్తాడు. తాను అన్నగారి దగ్గర వినే ప్రతి వాక్యాన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతాడు, అదే గొంతుతో, అదే చిరునవ్వుతో. అయిదేళ్ల తర్వాత ఆ డిజైనరు సొంతంగా ఏజెన్సీ పెట్టుకున్నప్పుడు అతడికి వేరే శిక్షణ ఏదీ అవసరం ఉండదు.

ఈ సంప్రదాయానికి లొంగనివాడు ఈ రంగంలో ఒకే ఒకడున్నాడు: ఫ్లెక్సీ ప్రింటింగు షాపు ఓనరు. ఆయన ఎవరినీ అన్నా అని పిలవడు, ఎవరి చేతా పిలిపించుకోడు. ఫైలు పెన్‌డ్రైవులో తీసుకుంటాడు, చదరపు అడుగుల లెక్క కాలిక్యులేటర్ మీద కొట్టి మీవైపు తిప్పుతాడు, స్కానరు బోర్డు ముందుకు జరుపుతాడు. కౌంటరు మీది స్పీకరు డబ్బులు వచ్చాయని ప్రకటించేదాకా చుట్టచుట్టిన ఫ్లెక్సీ మీద నుంచి చేయి తీయడు. ఎమ్మెల్యే గారి పుట్టినరోజు అయినా అంతే, సొంత బావమరిది దుకాణం ప్రారంభోత్సవం అయినా అంతే. ఆయనకు బయట రావలసిన బాకీలు లేవు. మర్యాద తెలియని మనిషని మా వర్గాల్లో పేరు. క్లయింట్ రిలేషన్‌ల మీద హోటళ్లలో జరిగే సదస్సులకు ఆయనను ఎవరూ పిలవరు. వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ మాత్రం ఆయన దగ్గరే వేయిస్తారు, డబ్బు ముందే కట్టి.