మహారాజశ్రీ గంధకం గారికి

రాయగడ నుంచి పేపరు మిల్లు ల్యాబు కెమిస్టు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయలేను. కుశలం మీ వైపే ఉందని నిన్న మధ్యాహ్నం తేలింది.

చెక్కను ఉడికించే క్షార ద్రావణం వైట్ లిక్కరులో తమరి వాటా, అదే సల్ఫిడిటీ, 25 శాతం దగ్గర ఉండాలని మా మనవి. నిన్న 31. నమ్మలేక టైట్రేషన్ మళ్లీ చేశాను. యాసిడ్ చుక్కలకు గులాబీ రంగు విరిగి తేటపడింది. ఫార్మలిన్ పోయగానే ‘ఎక్కడికి పోతాను’ అన్నట్టు మళ్లీ గులాబీ! అది తేటపడేదాకా పోసిన యాసిడ్‌ను రెట్టింపు చేస్తే మీ లెక్క. మళ్లీ అదే 31. ఈలోగా క్యాంటీను మూసేశారు.

తమరు లేనిదే చెక్క సరిగా ఉడకదు, ఒప్పుకుంటాను. 1879లో రసాయనవేత్త కార్ల్ డాల్ సోడా యాష్‌కు బదులు సోడియం సల్ఫేట్ వేసి మిమ్మల్ని పిలిచాడు, గుజ్జుకు బలం వచ్చింది. ఒకప్పుడు గొట్టాల్లోంచి కొంత పారిపోయేవారు కూడా. ఊరు ముక్కు మూసుకునేది, మా లెక్క సరిపోయేది. ఇప్పుడు ఆ కంపు వాయువులను పట్టి బాయిలర్‌లో కాలుస్తున్నాం, మీరు తిరిగి లిక్కరులోకే వస్తున్నారు. గుజ్జును తెల్లబరిచే క్లోరిన్ డయాక్సైడ్ తయారుచేసే ప్లాంటు నుంచి వచ్చే సల్ఫేట్ అదనం.

సరే, సాగనంపుదామని బాయిలర్ పొగలోంచి ప్రెసిపిటేటర్ పట్టిన బూడిదను కొంత తీసేస్తే ఏం చేశావు? సోడియం సల్ఫేట్‌గా వెళ్తావా? నీ ఒక్క పరమాణువు వెంట రెండు సోడియం పరమాణువులా? అల్లుణ్ణి గెంటితే కూతురూ మూట సర్దుకున్నట్టుంది. పోయిన సోడియం కోసం కాస్టిక్ సోడా ట్యాంకరు తెప్పించాలి, బిల్లు చూసి అందరూ నా ముఖం చూడాలి. నిన్ను పొమ్మనడానికి కూడా మేమే డబ్బు కట్టాలా? పోనీ మరీ తగ్గిద్దామంటే ఉడుకు మందగిస్తుంది, గుజ్జులో చెక్క నారల్ని అతికించి ఉంచే లిగ్నిన్ మిగులుతుంది, బ్లీచింగ్ వాళ్లు ఫోను చేసి తిడతారు.

మా ఆవిడ వెండి పట్టీలు నల్లబడ్డాయి, దాని సంగతి ఆవిడే రాస్తుంది. పార్వతీపురం బస్సులో నా పక్క సీటు ఎవరూ అడగరు, అందుకు మాత్రం కృతజ్ఞుణ్ణి.

ఈ రాత్రి షిఫ్టులో మళ్లీ బూడిద తీస్తున్నాం. పోతే ఒంటరిగా పో. సోడియం జోలికి వెళ్లకు.