మామయ్య నాడి

ఆదివారం జరిగింది, ఇవాళ బుధవారం. కడుపుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి వేడిమీదే రాసేస్తున్నా.

నేను చదివేది వ్యాయామ క్రీడా శాస్త్రం, డిగ్రీ రెండో సంవత్సరం. మా మూలాపేటలో ఎవరికి చెప్పినా "ఓహో, పీఈటీ ట్రైనింగా" అంటారు. కాదండీ, కండరాలు, ఆక్సిజను, గుండె అని మొదలుపెడితే "అదేలే, డ్రిల్లు మాస్టరు" అని తేల్చేస్తారు. సోమవారం ప్రాక్టికల్ రికార్డు ఇవ్వాలి. పది మందికి స్టెప్ టెస్టు చేసి, అంటే మెట్టు ఎక్కించి దించి నాడి చూసి, అంకెలు రాయాలి. క్లాసులో అందరూ సీనియర్ల రికార్డు ముందేసుకుని, 148 ఉన్నచోట 146, 72 ఉన్నచోట 74 అని మార్చి ఒక్క రాత్రిలో ముగించారు. నాకే నిజాయితీ పురుగు కుట్టింది. వీధిలో తొమ్మిది మందిని ఎలాగో దొరకబుచ్చుకున్నా. పదో మనిషిగా సింగరాయకొండ నుంచి వచ్చిన మా మామయ్య దొరికాడు.

ఇక్కడో మాట చెప్పాలి. మా డిపార్ట్‌మెంటులో ఛాతీకి కట్టుకునే హార్ట్‌రేట్ బెల్టులు ఆరున్నాయి. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. బీరువా అద్దంలోంచి చూడొచ్చు, దణ్ణం పెట్టుకోవచ్చు, ముట్టుకోకూడదు. తనిఖీ వాళ్ళు వచ్చిన రోజు మాత్రం ఉత్సవ విగ్రహాల్లా బయటికొచ్చి, సాయంత్రానికి మళ్ళీ లోపలికి పోతాయి. "పల్సు చేత్తో చూడటమే అసలు విద్యయ్యా" అంటారు సారు. ఆ అసలు విద్యని ఆయన మాకు రెండు పేజీల నోట్సుగా చెప్పి రాయించారు. ఒక్కరి చెయ్యీ పట్టుకోలేదు.

పరీక్ష తేలికే. న్యూయార్క్‌లోని క్వీన్స్ కాలేజీలో పుట్టింది. 16.25 అంగుళాల మెట్టు, మూడు నిమిషాలు, మగవాళ్ళయితే నిమిషానికి 24 సార్లు ఎక్కి దిగాలి. టేపు పెట్టి చూస్తే మా అరుగు సరిగ్గా 16 అంగుళాలు. ఆ పావు అంగుళం మా తాత మిగిల్చిన సిమెంటు. ఒక్కోసారికి నాలుగు అడుగులు కాబట్టి ఫోన్లో నిమిషానికి 96 టిక్కులు పెట్టా.

"ఏందిరా అబ్బయా, అరుగెక్కి దిగేదానికి కూడా యూనివర్శిటీ కావాల్నా? మీ అవ్వ రోజుకి నూరుసార్లు ఎక్కి దిగేది" అన్నాడు మామయ్య. అంటూనే ఎక్కాడు. టిక్కులు ఆయనకి పట్టలేదు. ఒకసారి ఎక్కి, అక్కడే నిలబడి, వీధిలో పోయే ఆకుకూరలామెని తోటకూర కట్ట ఎంతని అడిగి, బేరం కుదరక దిగేవాడు. తాళం చూపిద్దామని పక్కనే నేనూ మొదలుపెట్టా. ఎక్కు, ఎక్కు, దిగు, దిగు. మూడు నిమిషాలూ నేనే సక్రమంగా చేశా. చివర్లో ఇద్దరం అరుగు మీద కూలబడ్డాం. అంటే నేను కూలబడ్డా, ఆయన కూర్చున్నాడు.

ఆగాక అయిదో సెకను నుంచి ఇరవయ్యో సెకను దాకా నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నా. నాడి దొరికింది. దొరకడమేంటి, లోపలెవరో తలుపు బాదుతున్నట్టుంది. 44. ఇంటూ నాలుగు, 176.

మామయ్యకి 58 ఏళ్ళు. 220 లోంచి వయసు తీసేస్తే గుండె నిమిషానికి కొట్టుకోగల గరిష్ఠం 162. ఆ సూత్రం ఉజ్జాయింపేనని, మనిషికి పదో పన్నెండో అటూ ఇటూ అవుతుందని నాకు తెలుసు. పరీక్షలో రాసి నాలుగు మార్కులు కూడా తెచ్చుకున్నా. కానీ ఆ క్షణంలో నాకు కనబడింది ఒక్కటే: మామయ్య గుండె సిలబస్ దాటిపోయింది. ఆయన చూస్తే రెండో చేత్తో మలై కాజా తింటున్నాడు. చెమట చుక్క లేదు. "లోపల ఇంత జరుగుతున్నా పైకి కనబడట్లేదంటే ఇంకా ప్రమాదం" అనుకున్నా. మళ్ళీ పట్టుకున్నా. 46. అంటే 184. కూర్చోబెట్టాక పెరుగుతోంది! ఇలాంటి కేసు ఏ పుస్తకంలోనూ లేదు. నా చెవుల్లో హోరు. మూడోసారి 47. "మామయ్యా, ఛాతీలో ఏమన్నా..." అన్నా. "కాజాలో తీపి ఎక్కువైంది" అన్నాడు. అమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య ఏడుపు అందుకుంది. ఎదురింటాయన ఆటో పిలిచాడు.

ఆస్పత్రిలో మామయ్య పేరు మీద చీటీ రాయించాం. నర్సమ్మ వచ్చి మూడు వేళ్ళు పెట్టి చూసింది. 84. "ఎవరు చూశారు ఇంతకు ముందు?" అంది. చూపించా ఎలా చూశానో. ఆమె నా చేతిని కాదు, నా బొటనవేలిని చూసింది.

"బొటనవేలికి సొంత నాడి ఉంటుంది బాబూ. నువ్వు చూసుకున్నది నీది. ఏం చదువుతుండావు?"

పీఈటీ ట్రైనింగ్ అని చెప్పా.

నా రికార్డు పదమూడో పేజీలో, నా చేతిరాతతో, ఎర్ర పెన్నుతో కింద గీత గీసి మరీ ఉంది: "నాడి పరీక్షకు బొటనవేలు వాడరాదు." అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఆమె వదిలిందా? నా మొహం చూసి నా చెయ్యి పట్టుకుంది. 126. "పడుకో" అంది. మామయ్య పక్కన నిలబడి విసనకర్రలా చీటీ ఊపుతుంటే నాకు ఈసీజీ తీశారు. డబ్బు ఆయనే కట్టాడు. కొత్త చీటీ రాసే ఓపిక అక్కడెవరికీ లేక, కాగితం మీద ఆ చీటీలో ఉన్న పేరే ఎక్కించారు. మామయ్య పేరు, వయసు 58, గుండె మాత్రం నాది.

ఆ కాగితం సింగరాయకొండ చేరింది. అక్కడ అత్తయ్య తమ్ముడు మెడికల్ షాపు నడుపుతాడు. ఆయన చూసి "బావ గుండె బాగా వేగంగా కొట్టుకుంటోంది, ఉప్పూ పులుపూ తగ్గించండి" అన్నాడట. మూడు రోజులుగా మామయ్యకి చేపల పులుసు బంద్, పొద్దునా సాయంత్రం సొరకాయ కూర. ఆ గుండె నాదని ఆయన చెప్తే అత్తయ్య నమ్మట్లేదు, నన్ను చెప్పమంటున్నాడు. నేను చెప్తే కూడా నమ్మట్లేదు, "నువ్వు డాక్టరువా?" అంటోంది.

ఫోను మళ్ళీ మోగుతోంది. మామయ్యే.