‘ఫొటోలు తీయరాదు’ బోర్డు గారికి ఒక ప్రయాణికుడి లేఖ

బోర్డు గారికి నమస్కారం.

మొన్న సాయంత్రం రెండో ప్లాట్‌ఫారం మీద, సరిగ్గా మీ కిందే నిలబడి చీవాట్లు తిన్న మనిషిని నేను. నా నేరం మీకు గుర్తుండే ఉంటుంది. గోడకు బిగించిన రైలు వేళల పట్టికను ఫోనుతో ఫొటో తీశాను. పదిమందీ చదవాలనే అంతంత అక్షరాలతో అచ్చువేసి, అద్దం తొడిగి, పైన దీపం కూడా పెట్టిన పట్టిక అది. ఆ దీపం మెరుపు అద్దం మీద పడి మొదటి ఫొటో చెడిపోయింది. కాస్త పక్కకు జరిగి రెండోది తీశాను. తీయడంతోనే సెక్యూరిటీ గార్డు కంటపడ్డాను.

“సార్, ఇక్కడ ఫొటోలు తీయకూడదు.”

“రైళ్ల టైములే కదండీ?”

“రూలు సార్.”

“ఏ రూలు?”

అతను వేలెత్తి మిమ్మల్ని చూపించాడు. నేను తలెత్తి మిమ్మల్ని చూశాను. మీరు మాత్రం ఎవరినీ చూపించలేదు. మీ ఒంటి మీద చట్టం పేరు లేదు, సెక్షన్ నంబరు లేదు, ఆ మాట చెప్పిన అధికారి హోదా లేదు. నాలుగు మరలు ఉండవలసిన చోట మూడున్నాయి. అడుగున ‘ఆజ్ఞానుసారం’ అని ఉంది. ఎవరి ఆజ్ఞో చెప్పే ముక్కను తుప్పు తినేసిందో, అసలు రాయనేలేదో మీకే తెలియాలి.

మీరు ఎర్రగీత కింద బంధించిన ఆ కెమెరా బొమ్మను కూడా తీరిగ్గా చూశాను. నెత్తి మీద ఫ్లాష్, ముందు గుండ్రటి కటకం, పక్కన ఒక మీట. అలాంటిది మా ఇంట్లో పాత పెట్టెలో ఒకటి ఉంది. దాన్ని తీసుకొస్తే తప్పకుండా అడ్డుకోండి. నా చేతిలో ఉన్నది ఫోను. దాని బొమ్మ మీ మీద లేదు. ఈ వాదన గార్డు ముందు పెట్టలేదనుకోండి. రైలు వచ్చే వేళైంది, పైగా అతని చేతిలో లాఠీ ఉంది.

“డిలీట్ చేయండి” అన్నాడు. చేశాను. భుజం మీదుగా తొంగిచూసి, తృప్తిపడి వెళ్లిపోయాడు. చెరిపిన ఫొటో అదే ఫోనులో మరో అరలోకి చేరి 30 రోజులు క్షేమంగా ఉంటుందని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు. ఆ విధంగా 6.40 ప్యాసింజర్ రహస్యం ఇప్పటికీ నా జేబులోనే ఉంది.

ఫొటో ఎందుకు, కాగితం మీద రాసుకోవచ్చు కదా అంటారేమో. కలాన్ని కూడా నమ్మడానికి లేదండీ. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటా వైమానిక స్థావరం సందర్శనకు వెళ్లిన 12 మంది బ్రిటిష్ వాళ్లను, ఇద్దరు డచ్ వాళ్లను అరెస్టు చేశారు. కనపడిన విమానం నంబరునల్లా నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం వాళ్ల సరదా. 2002 ఏప్రిల్‌లో వారిలో కొందరికి గూఢచర్యం కింద మూడేళ్ల జైలుశిక్ష పడింది. అదే ఏడాది నవంబరులో అప్పీలులో నిర్దోషులుగా బయటపడ్డారు. విమానాల నంబర్లు రాసుకోవడంలో ఏ ఆనందం ఉందో నాకూ అర్థం కాదు. కానీ అసలు గూఢచారి ఎవడైనా నలుగురి ఎదుటా పుస్తకం తెరిచి, కలం విదిలించి, సిరా రాలేదని పక్కవాడిని అడుగుతాడా?

ఈ అనుమానం మీ ఒక్కరిదే అని నేను అనడం లేదు. మీ బంధువర్గం పెద్దది. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద చట్టంలో 44వ సెక్షన్ ఉండేది. ప్రకటించిన ప్రాంతంలో అయితే, అనుమానించడానికి కారణమేదీ లేకపోయినా మనిషిని ఆపి సోదా చేసే అధికారాన్ని అది పోలీసులకు ఇచ్చింది. 2003లో లండన్‌లో ఆయుధాల ప్రదర్శన దగ్గర నిరసనను చిత్రించడానికి వచ్చిన ఒక పాత్రికేయురాలిని ఆ సెక్షన్ కిందే ఆపి, కెమెరా కట్టేయమన్నారు. ఆమె ఊరుకోలేదు. 2010 జనవరిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆ అధికారం తప్పని తేల్చింది. న్యూయార్క్ సబ్‌వే (అక్కడి భూగర్భ రైలు) వాళ్లు 2004లో ఫొటోలను పూర్తిగా నిషేధిద్దామనుకున్నారు. జనం గోల చేశారు. మరుసటి ఏడాది ఆ ఆలోచనను చుట్టి పక్కన పెట్టారు. ఫొటోలు తీసుకోండి, ట్రైపాడ్‌లూ లైట్లూ మాత్రం తేవద్దు అన్నదే అక్కడి నియమంగా మిగిలింది. (సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరులు ఫ్రాన్సులోని లా సియోటా స్టేషన్‌లోకి వస్తున్న రైలును చిత్రించి 1896లో జనానికి చూపించారు. అది కూడా ట్రైపాడ్ మీద నిలిపిన కెమెరాతోనే. వాళ్లు ముందే పుట్టి బతికిపోయారు.)

మీరు ఎవరిని ఆపుతున్నారో ఒక్కసారి చూసుకోండి. మీ నెత్తి మీదే నల్లటి బుడ్డిలో ఒక కెమెరా ఉంది. అది నన్ను పగలూ రాత్రీ తీస్తూనే ఉంటుంది, దానికి ఏ బోర్డూ అడ్డు చెప్పదు. ఆకాశంలోంచి తీసిన స్టేషన్ల చిత్రాలను 2005లో వచ్చిన గూగుల్ ఎర్త్ ప్రతి ఇంటికీ చేర్చింది. కీడు తలపెట్టినవాడు వాటిని ఇంట్లో కూర్చుని చూసుకుంటాడు. మీ కిందికి వచ్చి, మెరుపు పడుతోందని పక్కకు జరిగి, గార్డుకు దొరికిపోయేది నాలాంటివాడే. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లోకి తుపాకులతో వచ్చినవాళ్లు అనుమతి అడగలేదు. ఆ కాల్పుల మధ్య ఒక పత్రికా ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు తరువాత కోర్టులో సాక్ష్యంగా నిలిచాయి. స్టేషన్‌లో తీసిన ఫొటో ఎవరికి ప్రమాదమో, ఎవరికి రక్షణో తేల్చడానికి మీ మీద ఉన్న రెండు మాటలు చాలవు.

కోపం నాకు అక్కడ రాలేదు. ఆ తరువాత వచ్చింది. నన్ను మందలించిన పది నిమిషాలకు, మీకు నాలుగు అడుగుల దూరంలోని బెంచీ మీద ఒక పెద్దావిడ సంచి తలకింద పెట్టుకుని, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. ఇద్దరు కుర్రాళ్లు ఆవిడ ముఖానికి జానెడు దూరంలో ఫోను పెట్టి వీడియో తీస్తున్నారు. ఒకడు ఆవిడ గురకకు తాళం వేస్తున్నాడు. గార్డు అటుగా వెళ్లాడు. చూసి, అతనూ నవ్వాడు. మీరూ పలకలేదు. పట్టికకు ఉన్న గౌరవం ఆవిడకు లేకపోయింది.

ఇంకొకరి ముఖం మన సొత్తు కాదని చట్టాలకు తట్టక కాదు. 1898లో జర్మనీలో మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు గదిలోకి చొరబడి శవాన్ని ఫొటో తీశారు. ఆ రభస ఫలితంగానే, సమ్మతి లేకుండా మనిషి చిత్రాన్ని ప్రచురించకూడదని 1907లో అక్కడ చట్టం వచ్చింది. బిస్మార్క్ కాబట్టి తొమ్మిదేళ్లలో వచ్చింది. బెంచీ మీద పెద్దావిడకు ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోండి.

మిమ్మల్ని పీకేయమని నేను అడగను. వచ్చే రంగుల పనిలో మీ మీద కాస్త పనికొచ్చే మాటలు రాయించమని మాత్రం మనవి. వస్తున్న రైలుకు ఎదురుగా ఫ్లాష్ వేస్తే డ్రైవర్ కళ్లు చెదురుతాయని రాయించండి. సెల్ఫీ కోసం పసుపు గీత దాటవద్దని, నిద్రపోయేవాళ్లను వదిలేయమని రాయించండి. సినిమా షూటింగుకు అనుమతి ఏ గదిలో ఇస్తారో, ఆ గది ఎన్ని గంటలకు తెరుస్తారో కూడా. చోటు చాలకపోతే ఆ కెమెరా బొమ్మను తీసేయండి. ఊడిన మర కూడా బిగించమనండి, గాలి వచ్చినప్పుడల్లా మీరు ఊగుతున్నారు, కింద జనం నిలబడతారు.

ఇట్లు,
6.40 ప్యాసింజర్ ప్రయాణికుడు

జతపరచినది: ఊడిన మర ఎక్కడిదో చూపే మీ చిత్రం, ఒకటి. పెన్సిలుతో గీసినది.